గంటకు 21 లీటర్ల నుంచి 38కి: వెర్మాంట్‌లో ఒక చిన్న మేపుల్ పొయ్యి కేస్ స్టడీ

మేపుల్ సిరప్ కాచేవాళ్లు ఇద్దరు కలిస్తే క్షేమ సమాచారాల తర్వాత వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "గంటకు ఎంత లాగుతోంది?" పెనంలోంచి గంటకు ఎన్ని గ్యాలన్ల (గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు) నీళ్లు ఆవిరవుతున్నాయి అని దాని అర్థం. ఎంత సిరప్ వచ్చిందన్నది ఆ తర్వాతి మాట. మేపుల్ చెట్టు నుంచి కారే రసంలో చక్కెర సుమారు 2 శాతమే ఉంటుంది. ఈశాన్య అమెరికాలోని ఈ వెర్మాంట్ రాష్ట్రపు ప్రమాణం ప్రకారం సిరప్ అనిపించుకోవాలంటే అది 66.9 బ్రిక్స్‌కి (బ్రిక్స్ అంటే చక్కెర శాతం కొలత) చేరాలి. దీనికి ఇక్కడ పాతకాలం నుంచి ఒక లెక్క ఉంది, జోన్స్ 86 సూత్రం అంటారు. 86ని రసం బ్రిక్స్‌తో భాగిస్తే ఒక గ్యాలన్ సిరప్‌కి ఎన్ని గ్యాలన్ల రసం కావాలో తెలుస్తుంది. 2 బ్రిక్స్ అయితే 43. అంటే ఒక లీటరు సిరప్ కోసం 42 లీటర్ల నీళ్లని గాల్లోకి పంపాలి.

నేను గోదావరి జిల్లాల్లో చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో చాలాకాలం పనిచేసి ఇటు వచ్చినవాణ్ణి. పిప్పి మండించే బాయిలర్లే నా చదువూ, నా ఉద్యోగమూ. బర్లింగ్టన్‌కి దగ్గర్లో ఉండే ఒక గుంటూరు తమ్ముడు ఈ పొయ్యి సంగతి చూడమన్నాడు. ఐటీ ఉద్యోగం, ఇంటి వెనక కొంచెం అడవి, అందులో మేపుల్ చెట్లకి 60 కుళాయిలు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే వాతావరణం కుదిరిన రోజున ఒక్కో కుళాయి నుంచి గ్యాలన్నర వరకు రసం వస్తుంది. మొత్తం 340 లీటర్లు. రసం పాల లాంటిదే, చల్లగా ఉంచకపోతే చెడిపోతుంది. కాబట్టి శనివారం వచ్చిన రసాన్ని ఆదివారానికల్లా కాచెయ్యాలి. అతని పెనం గంటకు 21 లీటర్లు లాగుతోంది. అంటే 16 గంటలు నిలబడాలి.

"అన్నా, కట్టెలు కుక్కుతూనే ఉన్నా. పొయ్యి ఎర్రగా కాలిపోతోంది, పెనం మాత్రం మరగట్లేదు" అన్నాడు ఫోన్లో.

ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ఈ ప్రాంతంలో బేస్‌మెంట్లో పెట్టుకునే 275 గ్యాలన్ల ఆయిల్ ట్యాంకుని శుభ్రం చేసి, పడుకోబెట్టి, పై భాగం కోసి పొయ్యిగా మార్చాడు. ఇలాంటి ఇంటి తయారీ పొయ్యిలు న్యూ ఇంగ్లండ్‌లో కొల్లలు. ముందు సగంలో గ్రేట్, అంటే కట్టెలు మండే ఇనుప జాలీ, దాని కింద బూడిద గది, వెనక 8 అంగుళాల చిమ్నీ. పైన 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ పెనం, లోపల అడ్డుగోడలతో మూడు గాళ్లు. పచ్చి రసం ఒక మూల నుంచి వచ్చి, గాళ్లగుండా తిరుగుతూ చిక్కబడి, రెండో మూల కుళాయి దగ్గరికి చేరుతుంది. పెనం అడుగు చదునే. పెద్ద కంపెనీల ఇవాపరేటర్లలో ఉండే మడతల పెనం కాదు.

దేన్నీ ముట్టుకోకముందే రెండు కొలతలు తీసుకున్నాం. రసం ట్యాంకులో ఒక స్కేలు నిలబెట్టి, పెనంలో మట్టం ఒకేలా ఉంచుతూ గంటలో ఎంత దిగిందో చూశాం. బాత్రూమ్ తూకం మీద కట్టెలు తూచి, ఆ గంటలో ఎన్ని కిలోలు పడ్డాయో రాసుకున్నాం. ఈ రెండూ లేకుండా "ఈ రోజు బాగా మరిగింది" అనుకోవడం ఉత్త మాట. నురగ పైకి లేచిన రోజు బాగా మరుగుతున్నట్టే కనిపిస్తుంది, ట్యాంకులో స్కేలు మాత్రం వేరే మాట చెబుతుంది.

21 లీటర్లకి 25 కిలోల కట్టె పట్టింది. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న లీటరు రసాన్ని 100 డిగ్రీలకి తేవడానికి 400 కిలోజౌళ్లు, ఆవిరి చెయ్యడానికి ఇంకో 2,257, మొత్తం సుమారు 2,660. 21 లీటర్లకి 56 మెగాజౌళ్లు. అంత తడి ఉన్న కట్టె కిలోకి 12 మెగాజౌళ్లు ఇస్తుందనుకున్నా పొయ్యిలో పడింది 300. అందులో రసానికి అందింది అయిదో వంతు కూడా కాదు. మిగతాదంతా ఎటు పోయింది? చిమ్నీ మొదట్లో పెట్టిన థర్మామీటరు 540 డిగ్రీలు చూపిస్తోంది. పొయ్యి పక్కగోడల దగ్గర చెయ్యి పెట్టలేకపోతున్నాం. జవాబు అక్కడే ఉంది.

అంకెలకంటే ముందు పెనమే సగం విషయం చెప్పింది. గ్రేట్‌కి పైనున్న ముందు భాగంలో రసం మూడు నాలుగు అంగుళాలు ఎగిసి దొర్లుతోంది. సరిగ్గా సగం దాటాక ఎగరడం ఆగిపోయి, చిమ్నీ వైపు చివరి అడుగులో పైపైన చిన్న బుడగలు వస్తున్నాయంతే. అంటే 8 చదరపు అడుగుల పెనంలో నిజంగా పనిచేస్తున్నది నాలుగైదే. పొయ్యి చల్లారాక పెనం ఎత్తి చూస్తే వెనక సగం అడుగున వేలితో గీరితే ఊడివచ్చే మెత్తటి నల్లటి మసి. ముందు సగం పొడిగా, బూడిద రంగులో ఉంది. మసి ఉన్నచోటికి మంట చేరలేదు, పొగ చేరింది. సెన్సర్లేమీ లేకుండా ఎవరైనా చేసుకోగలిగిన పరీక్ష ఇది.

మొదట కట్టె సంగతి చూశాం. పోయిన శరదృతువులో కొట్టి టార్పాలిన్ కింద పెట్టిన ఓక్, మేపుల్ మొద్దులవి, తొడంత లావు. మాయిశ్చర్ మీటరుని కట్టె పైన గుచ్చితే 18 అంది. తమ్ముడు సంతోషపడ్డాడు. అదే కట్టెని నిలువుగా చీల్చి లోపలి ముఖం మీద గుచ్చితే 30 దాటింది. ఎప్పుడూ కొత్తగా చీల్చిన ముఖం మీదే కొలవాలి. మూడో వంతు దగ్గర తడి ఉన్న 25 కిలోల కట్టె అంటే అందులో ఏడెనిమిది లీటర్ల నీళ్లు ఉన్నట్టే. పెనంలో 21 లీటర్లు కాస్తూ, ఫైర్‌బాక్స్ లోపల ఇంకో ఏడెనిమిది లీటర్లు కాస్తున్నాం, దానికి చక్కెరా లేదు, సిరప్పూ లేదు.

దగ్గర్లోని రంపం మిల్లు నుంచి ఏడాదిన్నర ఎండిన పైన్, హెమ్లాక్ లాంటి మెత్తటి చెట్ల అంచు చెక్కలు తెచ్చాం. గట్టి కట్టెలో వేడి ఎక్కువని మనవాళ్లకో నమ్మకం ఉంది. కిలో లెక్కన చూస్తే తేడా పెద్దగా లేదు, ఘనపరిమాణం లెక్కనే తేడా. మెత్తటి కట్టె త్వరగా అంటుకుని పొడుగాటి మంట ఇస్తుంది. ఇక్కడ మనక్కావలసింది రాత్రంతా నిలిచే నిప్పులు కాదు, ఇప్పటికిప్పుడు వచ్చే మంట. అన్నీ మణికట్టు లావుకి చీల్చాం. పావుగంటకోసారి నోరునిండా కుక్కడం మానేసి, ఎనిమిది నిమిషాలకోసారి నాలుగైదు కట్టెలు, ఒకదానిమీద ఒకటి అడ్డంగా, మధ్యలో సందులు ఉండేట్టు వేశాం. ఫోన్లో టైమర్ పెట్టుకున్నాడు. తలుపు తీసి ఉన్న ప్రతి క్షణం చల్లగాలి లోపలికి దూరి పెనం అడుగుని చల్లబరుస్తుంది కాబట్టి కట్టెలు చేతిలో సిద్ధం చేసుకున్నాకే తలుపు తియ్యాలి. పెద్ద మోపు ఒకేసారి వేస్తే మొదట మరుగు పడిపోతుంది, తర్వాత మంట చిమ్నీలో మండుతుంది, చివర నిప్పులు మిగులుతాయి. చిన్న చిన్నగా వేస్తే ఆ ఎగుడుదిగుడు ఉండదు. ఈ ఒక్క మార్పుతో 26 లీటర్లు.

అసలు పని రెండోది, అదే ఈ కేసులో అన్నిటికంటే చవకది కూడా. ఆయిల్ ట్యాంకు కాబట్టి గ్రేట్ దాటాక వెనకంతా అడుగున్నర లోతు గొయ్యి. మంట గ్రేట్ మీంచి లేచి, అంత ఖాళీ దొరికేసరికి కిందికీ పక్కలకీ పరుచుకుని, పెనాన్ని తాకీ తాకకుండానే చిమ్నీలోకి పోతోంది. వేడి వాయువు పెనం అడుగుని రాసుకుంటూ వేగంగా పోవాలి. అంత పెద్ద గదిలో నెమ్మదిగా తేలుతూ పోతే అడుగున ఉన్న వాయువులోని వేడి రసానికి అందదు. అందుకే ఆ గొయ్యిని పూడ్చి, పొయ్యి నేలని గ్రేట్ చివరి నుంచి ఏటవాలుగా పైకి కట్టి, తర్వాత చిమ్నీ వరకు చదునుగా, పెనం అడుక్కి దగ్గరగా తీసుకెళ్లాలి.

ఎంత దగ్గరగా? ఇక్కడే చాలామంది అంగుళం అని విని, అంగుళమే వదిలి, పొయ్యి తలుపులోంచి పొగ కక్కించుకుంటారు. ఆ నేలకీ పెనం అడుక్కీ మధ్య సందు వైశాల్యం చిమ్నీ వైశాల్యం కంటే తగ్గకూడదు. 8 అంగుళాల గుండ్రటి చిమ్నీ వైశాల్యం 50 చదరపు అంగుళాలు. పొయ్యి లోపలి వెడల్పు 22 అంగుళాలు. 50ని 22తో భాగిస్తే రెండుంపావు పైన వస్తుంది, రెండున్నర వదిలాం. అడుగున వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు రజను నింపి, పైన ఫైర్ బ్రిక్స్, అంటే మంటకి తట్టుకునే ఇటుకలు, పరిచాం. ఇసుక చవకే కానీ బరువు, పైగా పొద్దున్నే దాన్ని వేడి చెయ్యడానికే కట్టెలు ఖర్చవుతాయి. ముందు పక్కగోడలకి ఫైర్ బ్రిక్స్, వాటి వెనక అంగుళం సెరామిక్ బ్లాంకెట్. ఆ బ్లాంకెట్ కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి, ఆ పీచు ఊపిరితిత్తులకి మంచిది కాదు. పెనం అంచుకీ పొయ్యికీ మధ్య చుట్టూ ఉన్న సందులు కూడా అదే బ్లాంకెట్ ముక్కలతో మూశాం. అక్కడినుంచి లోపలికి దూరే దొంగగాలి గ్రేట్ గుండా రావలసిన గాలిని తగ్గించేస్తుంది.

32 లీటర్లు. చిమ్నీ 540 నుంచి 400కి దిగింది. వెనక గాడిలో రసం మొదటిసారి ఎగరడం మొదలుపెట్టింది. తమ్ముడి భార్య లోపలికి వచ్చి, "ఇంతకాలం ఈ సగం పెనం దేనికండీ పెట్టుకున్నాం, అందానికా?" అంది. జవాబు ఎవరూ చెప్పలేదు.

గాలి విషయానికి వస్తే, నేను వెళ్లేసరికే అతని దగ్గర ఒక చిన్న బ్లోయర్ ఉంది. గాలంతా గ్రేట్ కిందికే పంపుతున్నాడు. మంట గర్జిస్తుంది, బూడిద చిమ్నీలోంచి ఎగిరి మంచు మీద పడుతుంది, కట్టె కళ్లముందే కరిగిపోతుంది, మరుగు మాత్రం కొంచెమే పెరుగుతుంది. పిప్పి బాయిలర్ దగ్గర పనిచేసిన వాడికి ఇది కొత్త రోగం కాదు. ఎండిన కట్టెలో మూడొంతులకు పైగా వేడెక్కగానే వాయువుగా మారి పైకి లేస్తుంది, గ్రేట్ మీద బొగ్గుగా మండేది కొంచెమే. ఆ వాయువు కాలాలంటే గాలి కట్టెల పైన కావాలి. ఫ్యాక్టరీలో దాన్ని సెకండరీ ఎయిర్ అంటాం. కింద నుంచి తోసిన గాలి నిప్పుల దగ్గరే ఖర్చయిపోతే పైనున్న వాయువు కాలకుండానే పెనం దాటి పొగగా పోతుంది. మరీ ఎక్కువ తోస్తే మిగిలిన చల్లగాలి వేడిని మోసుకుని చిమ్నీలోంచి బయటపడుతుంది. రెండూ నష్టమే.

బ్లోయర్ గొట్టాన్ని రెండుగా చీల్చి ఒక్కోదానికి ఒక డ్యాంపర్, అంటే గాలిని తగ్గించే రేకు, పెట్టాం. కిందికి సగం. మిగతాది ఫైర్‌బాక్స్ రెండు పక్కలా అమర్చిన మందపాటి ఇనుప గొట్టాల్లోకి. వాటికి చిన్న చిన్న రంధ్రాలు, కట్టెల మోపుకి కాస్త పైన, కొంచెం కిందికి వంచి. రంధ్రాలు చిన్నవిగా ఉంటేనే గాలి విసురుగా వచ్చి వాయువుతో కలుస్తుంది, పెద్దవైతే అక్కడక్కడే తేలిపోతుంది. మంట రంగు ముదురు నారింజ నుంచి పసుపుకి మారింది. చిమ్నీ పైన పొగ కట్టెలు వేసిన కాసేపటికే కనిపించకుండా పోతోంది. చిమ్నీ వేడి మాత్రం 420కి పెరిగింది, అది ఊహించిందే, ఎక్కువ కాలుతోంది కనుక. గంటకు 35 లీటర్లు.

చివరిది ప్రీహీటర్. మట్టం తగ్గగానే తనంతట తానే తెరుచుకునే ఫ్లోట్ వాల్వ్ లేకపోవడంతో అతను ట్యాంకు కుళాయి అప్పుడప్పుడు తిప్పి బకెట్ల లెక్కన చల్లటి రసం పోసేవాడు. పోసిన ప్రతిసారీ పెనం అంతా చల్లబడి నాలుగైదు నిమిషాలు మరుగు ఆగేది. ఇప్పుడు ఫ్లోట్ వాల్వ్ గుండా ధారగా వస్తోంది, దానికి ముందు ఆవిరిలో ఒక రాగి గొట్టాల చుట్ట. పెనం పైన లేచే ఆవిరి ఉచితంగా దొరికే వేడి. దాంతో రసం 4 డిగ్రీల నుంచి 60కి వేడెక్కి పెనంలోకి వస్తోంది. లెక్క చూస్తే ఇందులో మహత్తు ఏమీ లేదు. 56 డిగ్రీలు ఎక్కించడానికి లీటరుకి 235 కిలోజౌళ్లు, మొత్తం 2,660లో 9 శాతం. రావలసింది తొమ్మిది పది శాతమే, వచ్చిందీ దాదాపు అంతే, 38 లీటర్లు. "ప్రీహీటర్ పెడితే రెట్టింపు" అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. మరిగే వరకు వేడిచేసి ఇచ్చినా 18 శాతం దాటదు.

ఒక జాగ్రత్త. రాగి గొట్టం చివర ఎప్పుడూ బయటి గాలికి తెరుచుకుని ఉండాలి, లేదా గాలి గొట్టం ఒకటి నిలబెట్టాలి. రెండువైపులా వాల్వులు పెట్టి మూసేస్తే లోపల ఆవిరి పుట్టి గొట్టం పేలుతుంది. చిమ్నీ చుట్టూ గొట్టం చుట్టమని చెప్పేవాళ్లున్నారు, నాకు అది అస్సలు నచ్చదు. 400 డిగ్రీల మీద రసం ఆగిపోతే మాడి మూసుకుపోతుంది. అతుకులకి సీసం లేని సోల్డర్ వాడాలి. పాత పెనాలు చవగ్గా దొరికితే కొనేముందు ఇదే చూడాలి, సీసం అతుకులున్న పాతవి ఇంకా అమ్మకానికి వస్తుంటాయి. చుట్ట కింద ఒక వాలు రేకు కూడా కావాలి, లేకపోతే చల్లటి గొట్టం మీద పట్టిన ఆవిరి చుక్కలై తిరిగి పెనంలోనే పడుతుంది. పంపిన నీళ్లనే మళ్లీ పిలిచినట్టు.

మన బెల్లం గానుగల దగ్గర చూసినవాళ్లకి ఇదంతా పరిచయమే. చెరకు రసంలో చక్కెర 18, 20 శాతం ఉంటుంది కాబట్టి తరమవలసిన నీళ్లు చాలా తక్కువ, పైగా పిప్పి చేతికింద ఉచితం. అయినా లక్నోలోని చెరకు పరిశోధన సంస్థ రెండు పెనాల, మూడు పెనాల పొయ్యిలు రూపొందించింది ఇందుకే: పాకం పెనం కింద నుంచి వచ్చే వేడి చిమ్నీలోకి పోయేముందు ఇంకో పెనంలోని పచ్చి రసాన్ని వేడిచెయ్యాలని.

రసం లోతు గురించి అడగనివాళ్లు లేరు. తక్కువ లోతు పెడితే త్వరగా ఆవిరవుతుందని అందరి నమ్మకం. పొద్దున మొదటి మరుగు త్వరగా వస్తుంది, నిజమే. రసం పెనంలో తక్కువసేపు ఉంటుంది కాబట్టి సిరప్ రంగు లేతగా వస్తుంది, అదీ నిజమే. కానీ మరగడం మొదలయ్యాక గంటకు ఎంత ఆవిరవుతుందనేది అడుగునుంచి ఎంత వేడి ఎక్కుతోందన్న దాని మీదే ఉంటుంది. రెండు అంగుళాల దగ్గరా, మూడు అంగుళాల దగ్గరా స్కేలు మాకు ఒకే అంకె చూపించింది. తేడా అంతా భద్రతలోనే. ఈ పెనంలో ఒక సెంటీమీటరు లోతు అంటే 7.4 లీటర్లు. గంటకు 38 లాగుతున్నప్పుడు అది 12 నిమిషాల్లో అయిపోతుంది. ఫ్లోట్ వాల్వ్‌లో ఆకు ముక్క ఇరుక్కుని రసం ఆగిపోతే, అంగుళం లోతు పెట్టుకున్నవాడికి పెనం మాడేలోపు అరగంటే గడువు, పాకం గాడిలో అంత కూడా ఉండదు. 21 లాగే రోజుల్లో ఫోన్ మాట్లాడి వచ్చినా ఏమీ కాలేదు. ఇప్పుడు పెనం వదిలి కదలకూడదు. ఆ టెన్షన్ అతనికి కొత్తగా వచ్చింది, రావడమే మంచిది.

నురగ ఎగిసినప్పుడు ఇక్కడివాళ్లు ఒకటి రెండు చుక్కల నూనె గానీ, కాస్త వెన్న గానీ వేస్తారు. మరుగు పెరిగాక ఇది ఎక్కువసార్లు కావలసివస్తోంది. పెనం అడుగున కట్టే తెల్లటి ఖనిజపు పెచ్చు, షుగర్ శాండ్ అంటారు, వేడిని అడ్డుకుంటుంది, మాడే ప్రమాదం పెంచుతుంది. రెండు మూడు వంటల తర్వాత రేటు లీటరో రెండో పడిపోయినట్టు స్కేలు చూపిస్తే వెనిగర్ నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి కడుగుతున్నాడు.

ఆర్‌ఓ మాట కూడా చెప్పాలి. ఇంట్లో తాగునీటికి వాడే అదే యంత్రం. మనం మంచినీళ్లు ఉంచుకుని ఉప్పునీళ్లు పారబోస్తాం, వీళ్లు మంచినీళ్లు పారబోసి చక్కెర నీళ్లు ఉంచుకుంటారు. 2 బ్రిక్స్ రసాన్ని 4కి తెస్తే కాయవలసింది సరిగ్గా సగానికి తగ్గుతుంది. డబ్బు లెక్కన చూస్తే ఏ పొయ్యి మార్పూ దీనికి సాటిరాదు. అయినా నేను ముందు పొయ్యే సరిచెయ్యమన్నాను. అయిదో వంతు వేడి మాత్రమే వాడుకునే పొయ్యి మీద పెట్టిన ఆర్‌ఓ ఆ లోపాన్ని కప్పేస్తుంది, కట్టెలు మాత్రం అలాగే తగలబడుతుంటాయి.

ఇప్పుడు లెక్క: 38 లీటర్లకి 22 కిలోల ఎండు కట్టె. వేసిన వేడిలో దాదాపు మూడో వంతు పనికొస్తోంది. 340 లీటర్ల రసం 9 గంటల్లో అయిపోతోంది, ఎనిమిది లీటర్లకి కాస్త తక్కువగా సిరప్ వస్తోంది. సిరప్ తీసేది థర్మామీటరు ఆ రోజు నీళ్లు మరిగే ఉష్ణోగ్రతకి 4 డిగ్రీలు పైన చూపించినప్పుడు. వాతావరణ పీడనంతో నీటి మరుగు మారుతుంటుంది కాబట్టి ప్రతిరోజూ ముందు ఉత్త నీళ్లు మరిగించి చూసుకోవాలి. ఆఖరి నిర్ణయం మాత్రం చిక్కదనం కొలిచే హైడ్రోమీటరుదే.

వేగం పెరిగాక పొయ్యి ఆపే పద్ధతి కూడా మారింది. ఇటుకలు, నిప్పులు ఇదివరకటికంటే ఎక్కువసేపు వేడిగా ఉంటున్నాయి, కట్టె వెయ్యడం ఆపిన తర్వాత కూడా పెనం ముప్పావుగంట లాగుతూనే ఉంటుంది. అందుకని చివరి 40 లీటర్ల రసం ట్యాంకులో ఉండగానే కట్టె ఆపేస్తున్నాడు, బ్లోయర్ కూడా. రసం ముందే అయిపోతే పోయడానికి రెండు బకెట్ల నీళ్లు పక్కన ఉండాల్సిందే.

చిమ్నీ ఇంకా 420 చూపిస్తోంది. చదును పెనంతో ఇంతకంటే దింపడం కష్టం, వాయువుకి తగిలే ఉపరితలమే చాలదు. వెనక రెండడుగులకి మడతల పెనం పెడితే చాలా దిగుతుంది, రేటూ పెరుగుతుంది. దాని కోసం ఒక వెల్డర్‌ని ధర అడిగాడు. ఆ ధరకి చిన్న ఆర్‌ఓ వస్తుంది. ఇద్దరం లెక్క వేసి ఆర్‌ఓకే మొగ్గాం. ఈ వేసవిలో ముందు కట్టెలకి ఒక పందిరి వెయ్యాలి, వచ్చే మార్చికి కావలసిన కట్టె ఇప్పుడే చీల్చి పేర్చాలి.